డైపర్ బ్యాగ్ ఎలా ఎంచుకోవాలి? ఒంటిచేత్తో వాడుకోగల బ్యాగు కోసం

నెలలు నిండినవాళ్లు, పుట్టింటి నుంచి బిడ్డతో అత్తవారింటికి బయల్దేరబోతున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: “ఏ డైపర్ బ్యాగ్ కొనాలి?” ఒక కంపెనీ పేరు చెబితే పని అయిపోతుందనుకుంటారు. కానీ స్కూటర్ మీద తిరిగే ఇంటికి సరిపడే బ్యాగు కారున్న ఇంటికి సరిపడదు. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ సామాను వేరు, డబ్బా పాలు తాగే బిడ్డ సామాను వేరు. అందుకే పేర్ల జోలికి పోకుండా, ఎంచుకునే పద్ధతి చెబుతాను.

ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. బయటికి వెళ్లినప్పుడు మీ చేతుల్లో ఒకటి బిడ్డకే సరిపోతుంది. బ్యాగు తెరవడం, వెతకడం, తీయడం, మూయడం అన్నీ రెండో చేత్తోనే జరగాలి. ఈ పరీక్షలో నెగ్గని బ్యాగు ఎంత అందంగా ఉన్నా, ఎంత ఖరీదైనా పక్కన పెట్టేయండి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

- బిడ్డతో బయటికి వెళ్లేటప్పుడు మీరు తీసుకెళ్లే సామాను మొత్తం
- కొలతల టేపు (టైలర్లు వాడేది చాలు)
- బరువు చూసుకునే మెషీన్
- ఇంట్లో పడి ఉన్న కాలేజీ బ్యాగు గానీ లాప్‌టాప్ బ్యాగు గానీ
- నీళ్లు నింపిన లీటరు సీసాలు రెండు మూడు
- బ్యాగును నిజంగా మోయబోయే మనిషి. తల్లి ఒక్కతే మోస్తుందని అనుకోవద్దు. తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరు మోసినా ఈ పరీక్షల్లో వాళ్లూ ఉండాలి.

1. సామాను మంచం మీద పేర్చండి

చాలామంది ముందు బ్యాగు కొని, తర్వాత అందులో ఏం పెట్టాలా అని ఆలోచిస్తారు. దాన్ని తిరగేయండి. ముందు సామాను, తర్వాత బ్యాగు.

పూట ప్రయాణానికి మామూలుగా కావలసినవి ఇవి: మూడు గంటలకు ఒకటి చొప్పున డైపర్లు, వాటికి తోడు రెండు అదనం; చిన్న వైప్స్ ప్యాకెట్; పడుకోబెట్టి మార్చడానికి రబ్బరు షీటు; బిడ్డకు రెండు జతల బట్టలు; పల్చటి నూలు తువ్వాలు; పాలిచ్చేటప్పుడు కప్పుకునే గుడ్డ; మురికి బట్టలకు ఒక సంచి; వాడిన డైపర్లు చుట్టడానికి పాత న్యూస్‌పేపర్లు; తల్లికి స్టీలు సీసాలో నీళ్లు. ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీళ్లు పట్టాల్సిన అవసరం లేదు కాబట్టి, బిడ్డ కోసమంటూ ఇంకో సీసా పెట్టకండి.

దాదాపు అందరూ మరిచిపోయేది ఒకటుంది. తల్లికి ఒక కుర్తా గానీ జాకెట్టు గానీ అదనంగా పెట్టుకోండి. బిడ్డ కక్కితే తడిసేది బిడ్డ బట్టలొక్కటే కాదు.

డబ్బా పాలు పడుతున్నవాళ్లు సీసాలు, పొడి డబ్బా, వేడినీళ్ల ఫ్లాస్కు కలుపుకోవాలి. ఆరు నెలలు దాటి ఉగ్గో రాగి జావో పెడుతున్నవాళ్లు మూత గట్టిగా పట్టే చిన్న డబ్బా, చెంచా, మెడకు కట్టే గుడ్డ పేర్చాలి. గుడ్డ న్యాపీలు వాడేవాళ్లకు చోటు ఎక్కువ కావాలి. పైగా ఇంటికి తిరిగొచ్చేటప్పటికి అవి తడిసి బరువెక్కుతాయి. కాబట్టి బరువు లెక్కను తిరుగు ప్రయాణానికి వేసుకోండి.

టీకాల కార్డు కూడా ఈ కుప్పలోనే ఉండాలి. ఒకటిన్నర నెలకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు, మళ్లీ తొమ్మిదో నెల నిండాక టీకాలుంటాయి. మొదటి ఏడాది ఏ ఇంట్లోనైనా తప్పనిసరిగా ఉండే ప్రయాణాలు ఇవే. కార్డు మడత పడకుండా పట్టే చదునైన అర బ్యాగులో ఉండాలని ఇప్పుడే రాసిపెట్టుకోండి.

2. కుప్పను విడగొట్టండి

పేర్చిన సామానును మూడు భాగాలు చేయండి: శుభ్రమైన బట్టలు, డైపర్లు ఒకవైపు, పాలు, తిండి ఒకవైపు, మురికివి పెట్టేందుకు ఖాళీ సంచి ఒకవైపు. ఈ మూడూ బ్యాగులో ఒకదానికొకటి తగలకూడదు. తడిసిన లంగోటీ పక్కన పాలసీసా ఉండే బ్యాగు ఎంత పెద్దదైనా పనికిరాదు.

ఇక నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఒక చిన్న జిప్పు పౌచ్‌లో రెండు డైపర్లు, పది పదిహేను వైప్స్, మడిచిన రబ్బరు షీటు, ఒక ఖాళీ కవరు పెట్టండి. బిడ్డకు మార్చాల్సి వచ్చినప్పుడు బ్యాగంతా మోసుకెళ్లక్కర్లేదు, ఈ పౌచ్ ఒక్కటి తీసుకెళ్తే చాలు. రైలు టాయిలెట్‌లో పెద్ద బ్యాగు పెట్టడానికి శుభ్రమైన చోటు దొరకదు. ఫంక్షన్ హాల్లో పెళ్లికూతురి గదిలో ఒక మూల చోటిస్తారు, అక్కడ నలుగురి చీరల పక్కన మీ బ్యాగు విప్పలేరు. ఆస్పత్రిలో బల్ల మీద ఒక నిమిషమే సమయం ఉంటుంది. ఈ పౌచ్ ఉన్నవాళ్లకు మామూలు బ్యాగు కూడా బాగా పనిచేస్తుంది. ఇది లేనివాళ్లకు ఖరీదైన బ్యాగు కూడా తలనొప్పే.

పౌచ్ విడిగా కొననక్కర్లేదు. మేకప్ పౌచ్, పరీక్షలప్పుడు వాడిన పెద్ద పెన్నుల పౌచ్ ఏదైనా సరే, లోపల తుడిస్తే శుభ్రపడాలి, అంతే.

3. ఎంత పెద్ద బ్యాగు కావాలో లెక్కగట్టండి

విడగొట్టిన సామానును బ్యాగులో సర్దినట్టే దగ్గరదగ్గరగా పేర్చండి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటినీ హెచ్చవేసి 1000తో భాగించండి. వచ్చేదే లీటర్ల లెక్క. ఉదాహరణకు 40 × 28 × 15 కొలతలుంటే 16,800, అంటే 16.8 లీటర్లు. దానికి ఇంకో నాలుగో వంతు కలపండి. 21 లీటర్ల బ్యాగు మీకు సరిపోతుంది.

నా అంచనా చెబుతాను. టీకాలకూ, బజారుకూ 10 నుంచి 12 లీటర్లు చాలు. రోజంతా బయట ఉండాల్సి వస్తే 18 నుంచి 22. పాతిక దాటిన బ్యాగు కొనొద్దనే చెబుతాను. చోటుంటే నింపకుండా ఉండలేం, నింపాక మోయలేం. కవలలున్నవాళ్లు కూడా 35 లీటర్ల బ్యాగు ఒకటి కొనేకంటే చిన్నవి రెండు తీసుకోవడం మేలు. ఇద్దరు పెద్దవాళ్లు చెరొకటి మోస్తారు, ఒక బిడ్డను పక్కకు తీసుకెళ్లాల్సి వస్తే సామాను కోసం రెండోవాళ్లను పిలవక్కర్లేదు.

ఆన్‌లైన్‌లో ఫొటో చూసి సైజు అంచనా వేయకండి. ఫొటో కోసం లోపల కాగితాలు కుక్కి ఉబ్బిస్తారు. కొలతలు చూసి పై లెక్కే వేయండి.

4. దేని మీద తిరుగుతారో చూసుకుని ఆకారం తేల్చుకోండి

స్కూటర్, బైక్: వీపుకు తగిలించుకునే బ్యాగే కావాలి. ఒక భుజానికి వేలాడేది మలుపుల్లో పక్కకు లాగుతుంది. వెనక కూర్చున్న మనిషి బిడ్డను ఎత్తుకుని బ్యాగు కూడా తగిలించుకుంటే బరువు వెనక్కి గుంజుతుంది కాబట్టి అది తేలిగ్గా ఉండాలి, ఛాతీ దగ్గర రెండు పట్టీలనూ కలిపే చిన్న బకిల్ ఉండాలి. వేలాడే పట్టీల చివర్లు మడిచి లోపలికి దోపేయండి. చున్నీ చక్రంలో చుట్టుకున్నట్టే ఇవీ చుట్టుకుంటాయి. ఇంకో విషయం: 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం నాలుగేళ్ల లోపు పిల్లల్ని బండి మీద తీసుకెళ్లేటప్పుడు బిడ్డను నడిపేవాళ్లకు కలిపి ఉంచే హార్నెస్ వాడాలి, తొమ్మిది నెలలు దాటితే హెల్మెట్ కూడా పెట్టాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. ఆ హార్నెస్ పట్టీలు నడిపేవాళ్ల భుజాల మీదుగా వస్తాయి. కాబట్టి నడిపేవాళ్ల వీపున బ్యాగు వేయాలనే ఆలోచన మానుకోండి.

ఆటో, బస్సు: పైనుంచి తెరుచుకుని పూర్తిగా జిప్పుతో మూసుకునే బ్యాగు తీసుకోండి. అయస్కాంతం బటన్ ఒక్కటే ఉన్న చేసంచుల్లాంటివి వద్దు, ఆటో గుంతలో పడితే పాలసీసా రోడ్డు మీదుంటుంది. రద్దీ బస్సులో ఫోను, డబ్బులు పెట్టుకోవడానికి మీ వీపుకు ఆనే వైపున దాచిన జిప్పు ఉంటే మంచిది.

రైలు: పైభాగంలో గట్టి కొక్కెం గానీ పట్టీ గానీ ఉండాలి. బెర్తు కింద పెట్టిన బ్యాగును తీసి మళ్లీ బిడ్డ పక్క మీద పెట్టలేరు. కిటికీ పక్క కొక్కానికి తగిలిస్తే శుభ్రంగా ఉంటుంది.

కారు: మీకు ఆకారం పట్టింపు తక్కువ, కాబట్టి నోరు వెడల్పుగా తెరుచుకునేది తీసుకోండి. ఎండలో ఆపిన కారులో మాత్రం పాలున్న బ్యాగు వదిలి వెళ్లకండి.

విమానం: దేశంలోపల ఎకానమీ టికెట్‌కు చేతి సామాను సాధారణంగా 7 కిలోలే. బిడ్డ సామానుకు విడిగా ఏమిస్తారో టికెట్ కొన్నప్పుడే కంపెనీ నిబంధనల్లో చూసుకోండి. అమెరికాకో దుబాయ్‌కో బిడ్డతో వెళ్లేవాళ్లకు ద్రవాల మీద ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి ప్రయాణానికి సరిపడా పాలకూ, పిల్లల ఆహారానికీ మినహాయింపు ఉంటుంది. కానీ వాటిని సెక్యూరిటీ దగ్గర విడిగా తీసి చూపించాలి. అందుకే పాలు, తిండి అన్నీ ఒకే సంచిలో పెట్టి పైనే ఉంచండి.

పుట్టువెంట్రుకలకు తిరుమల వెళ్లేవాళ్లు కూడా ఇదే పద్ధతి పాటించండి. అలిపిరి దగ్గర బ్యాగులన్నీ తనిఖీకి వెళ్తాయి. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం కాబట్టి స్టీలు సీసా పట్టే పక్క అర ఉండాలి. కళ్యాణకట్టలో తలనీలాలు అయ్యాక బిడ్డకు వెంటనే స్నానం, బట్టలు, తువ్వాలు కావాలి. వాటిని అడుగున పెట్టి పైన అరటిపళ్లు, ప్రసాదం సంచులు పేర్చకండి.

5. షాపులో చేతులతో పరీక్షించండి

హైదరాబాద్ బేగంబజార్ అయినా, విజయవాడ బీసెంట్ రోడ్డు అయినా, మీ ఊళ్లో బ్యాగుల షాపు అయినా సరే, మొదటి బ్యాగును పట్టి చూసి కొనడమే మంచిది. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి పంపే గడువు చూసుకుని, ట్యాగు కత్తిరించకుండా ఇంట్లో ఇవే పరీక్షలు చేయండి.

ఎడమ చేత్తో ఏదైనా రెండు మూడు కిలోల వస్తువును బిడ్డలా ఎత్తుకోండి. కుడి చేత్తో జిప్పు పూర్తిగా తెరిచి మూయండి. తర్వాత చేతులు మార్చి చూడండి. జిప్పు మధ్యలో పట్టేసినా, లైనింగ్ గుడ్డ జిప్పులో చిక్కుకున్నా ఆ బ్యాగు వద్దు. జిప్పు రన్నర్‌కు వేలు దూరేంత రింగు గానీ తాడు గానీ ఉండాలి. మూల దగ్గర జిప్పు ఎలా తిరుగుతుందో ప్రత్యేకంగా చూడండి, ముందుగా పాడయ్యేది అక్కడే.

బ్యాగును ఖాళీగా నేల మీద నిలబెట్టండి. తర్వాత నోరు తెరిచి నిలబెట్టండి. తెరిచినప్పుడు ముందుకు ఒరిగిపోయే బ్యాగును పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి, అది మనకు లేదు. అడుగు భాగం గట్టిగా ఉండాలి, వీలైతే కింద చిన్న కాళ్లలాంటి బొడిపెలుండాలి.

లోపలికి చూడండి. లైనింగ్ లేత రంగులో ఉందా? నల్లటి లైనింగ్‌లో నల్లటి సాక్సు, మందు సీసా మూత ఏవీ కనబడవు. రాత్రిపూట రైల్లో దీపాలార్పాక ఈ తేడా బాగా తెలుస్తుంది.

భుజం పట్టీలు బ్యాగుకు కలిసే చోట కుట్టు చూడండి. నాలుగు పలకల డబ్బాలా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా రెండు గీతలు కుట్టి ఉంటే అది గట్టి కుట్టు. ఒకటే వరస కుట్టి వదిలేసి ఉంటే నిండు బరువుకు తెగుతుంది. పట్టీని గట్టిగా లాగండి, షాపువాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి.

ఖాళీ బరువు అడగండి. కిలో లోపు ఉండాలి, 700 గ్రాముల దగ్గరుంటే ఇంకా మేలు. ఖాళీగానే కిలోన్నర తూగే బ్యాగుతో మీరు రోజూ అరకిలోకు పైగా గుడ్డ, దూది అనవసరంగా మోస్తారు.

అరల సంఖ్య చూసి మోసపోవద్దు. “పద్దెనిమిది అరలు” అని రాసి ఉంటే, పద్దెనిమిది చోట్ల వెతకాలన్నమాట. లోపల మూడు నాలుగు, బయట రెండు, సీసాలకు రెండు, వీపు వైపు ఒకటి. అంతకు మించినవి ఖాళీగా ఉంటాయి, లేదా అందులో పెట్టింది మరిచిపోతారు.

6. గుడ్డ చూడండి

పాలియెస్టర్, నైలాన్ గుడ్డలు తేలిగ్గా ఉంటాయి, తుడిస్తే మరకలు పోతాయి, త్వరగా ఆరతాయి. మన తేమకూ వానలకూ ఇవే నప్పుతాయి. కాన్వాస్ చూడ్డానికి బాగుంటుంది కానీ బరువు, పాలు ఒలికితే పీల్చుకుంటుంది, వాసన వదలదు. రెగ్జిన్ కొత్తలో మెరుస్తుంది. ఎండకూ తేమకూ పొరలు పొరలుగా రాలడం మొదలుపెడితే ఆ ముక్కలు బిడ్డ బట్టలకు అంటుకుంటాయి, నోట్లోకీ పోతాయి. నేనైతే రెగ్జిన్ వద్దంటాను.

పరీక్ష తేలిక. బయటి గుడ్డ మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి ఐదు నిమిషాలు ఆగండి. చుక్కలు అలాగే నిలిచి ఉంటే మంచిది, లోపలికి ఇంకితే వానలో డైపర్లు తడుస్తాయి. డైపర్ తడిస్తే అది ఇక డైపర్‌గా పనికిరాదు. జిప్పు మీద కప్పే గుడ్డ అంచు ఉందో లేదో కూడా చూడండి, వాన నీళ్లు ఎక్కువగా దిగేది జిప్పు సందుల్లోంచే.

బ్యాగు లోపల ముక్కు పెట్టి వాసన చూడండి. ఘాటైన రసాయనాల వాసన ఉంటే వద్దు. కొంచెమే ఉంటే రెండు రోజులు నీడలో గాలికి తెరిచి ఉంచి మళ్లీ చూడండి.

7. పాల అరను నమ్మి మోసపోకండి

దాదాపు ప్రతి డైపర్ బ్యాగుకూ వెండి రేకులాంటి లైనింగ్‌తో ఒక అర ఉంటుంది. అది వేడిని కొంచెం ఆలస్యంగా పోనిస్తుంది, అంతే. పాలు పాడవకుండా ఆపదు. ఇది చాలామందికి తెలియక బిడ్డలకు విరేచనాలు తెచ్చుకుంటారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డబ్బా పాలు కలిపి సీసాలో పోసి తీసుకెళ్లకండి. కలిపిన పాలను రెండు గంటల్లోపు వాడేయాలి. బిడ్డ తాగడం మొదలుపెట్టాక గంట దాటితే మిగిలినవి పారబోయాలి, దాచి మళ్లీ పట్టకూడదు. పొడిని కొలిచి పొడి డబ్బాలో, మరిగించిన నీళ్లను ఫ్లాస్కులో విడివిడిగా తీసుకెళ్లి, అవసరమైనప్పుడు కలపడమే సురక్షితం. పొడి కలిపే నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొడిలో ఉండే అవకాశమున్న సూక్ష్మజీవులు ఆ వేడికి చస్తాయి. కలిపాక సీసాను చల్లటి నీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి గోరువెచ్చగా ఉన్నప్పుడే పట్టండి.

పిండిన తల్లిపాలు 25 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఉంటాయి. మే నెలలో మన ఊళ్లలో 40 దాటుతుంది కాబట్టి ఆ నాలుగు గంటల లెక్క పెట్టుకోవద్దు. గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌లతో సరైన కూలర్ సంచిలో పెడితే 24 గంటల దాకా ఉంచవచ్చు. బ్యాగు అరలో ఐస్ ప్యాక్ కూడా పడుతుందో లేదో సీసాతో పాటు పెట్టి చూడండి. పట్టకపోతే ఆ అరను బిస్కెట్లకు వాడుకోండి, పాలకు చిన్న కూలర్ సంచి విడిగా తీసుకోండి.

సీసా అర లోతు కూడా కొలవండి. మీ సీసా మూతతో సహా నిలువుగా నిలబడాలి. పక్కకు ఒరిగిన సీసా కారుతుంది.

8. నింపి, తగిలించుకుని నడవండి

అసలు సామాను గానీ, దాని బరువుకు సమానంగా నీళ్ల సీసాలు గానీ పెట్టి బ్యాగు నింపండి. తగిలించుకుని, బిడ్డను ఎత్తుకుని ఇంట్లోనో డాబా మీదో ఇరవై నిమిషాలు తిరగండి. తండ్రి కూడా ఇదే చేయాలి. పట్టీలు ఇద్దరి ఎత్తుకూ తేలిగ్గా సర్దుబాటు కావాలి.

నిండు బరువు నాలుగు కిలోల లోపు ఉంటే బాగుంటుంది, ఐదు దాటితే ఏదో ఒకటి తీసేయాలి. తూచి చూస్తే బరువు ఎక్కడుందో తెలుస్తుంది. చాలాసార్లు అది నీళ్లలోనే ఉంటుంది, లీటరుకు కిలో. దారిలో నీళ్లు దొరికే చోటికి రెండు సీసాలు మోయడం ఎందుకు?

సిజేరియన్ అయిన తల్లులు మొదటి ఆరు వారాలూ బిడ్డ కంటే బరువైనది ఎత్తవద్దని డాక్టర్లు సాధారణంగా చెబుతారు. బిడ్డా, బ్యాగూ రెండూ ఆమెకే ఇవ్వకండి. ఆ రోజుల్లో బ్యాగు ఇంట్లో మరొకరి పని.

9. సర్దే చోట్లు మార్చకండి

కొన్నాక ఏది ఎక్కడుంటుందో ఒకసారి నిర్ణయించి అలాగే ఉంచండి. మార్చే పౌచ్ పైన, బట్టలు మధ్యలో, అదనపు డైపర్లు అడుగున, మురికి సంచి బయటి అరలో. ఇంటికి రాగానే ముందు మురికి సంచి, సీసాలు తీసేయండి. తర్వాత డైపర్లు మళ్లీ నింపండి. బయల్దేరేముందు నింపుదామనుకుంటే ఆ హడావుడిలో వైప్స్ మరిచిపోతారు.

నెలకోసారి అడుగున ఉన్న డైపర్ల సైజు చూడండి. బిడ్డ పెరిగింది, బ్యాగులో మాత్రం పాత సైజే ఉంటుంది. అత్యవసరంలో తీసింది పట్టకపోతే అప్పుడు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు.

ఉతకడానికి చేత్తో, సబ్బు నీళ్లలో, స్పాంజితో తుడవడమే మేలు. మెషీన్‌లో వేస్తే రేకు లైనింగ్ ఊడిపోతుంది. పాల వాసన పట్టిందా, తినే సోడా చల్లి రాత్రంతా ఉంచి దులిపేయండి. వానాకాలంలో పూర్తిగా ఆరకుండా మూసిపెడితే బూజు పడుతుంది.

అసలు కొనకుండా ఎలా?

మీ దగ్గరున్న లాప్‌టాప్ బ్యాగు 5, 6, 8 దశల్లో నెగ్గితే కొత్తది కొననక్కర్లేదు. మార్కెట్లో డైపర్ బ్యాగు పేరుతో వెయ్యి లోపు నుంచి ఐదారు వేల దాకా ఉన్నాయి. ఆ డబ్బుతో మంచి ఫ్లాస్కు, కూలర్ సంచి, నాలుగు జిప్పు పౌచ్‌లు కొంటే అదే పని ఇంకా బాగా జరుగుతుంది. మీ టైలర్‌కు రబ్బరు షీటు ఇచ్చి లోపలివైపు రబ్బరు ఉండేలా మురికి బట్టల సంచి కుట్టమనండి. లాప్‌టాప్ పెట్టే అరలో టీకాల కార్డు, మడిచిన షీటు చక్కగా పడతాయి. బిడ్డకు రెండేళ్లొచ్చాక అదే బ్యాగు మళ్లీ ఆఫీసుకు వెళ్తుంది.

తరచూ జరిగే పొరపాట్లు

మంచంలా విచ్చుకునే బ్యాగు కొనడం. వీటికి ఇప్పుడు గిరాకీ బాగా ఉంది, బహుమతిగా కూడా ఇస్తున్నారు. బరువెక్కువ, మంచం విప్పితే సామాను తీయడం కష్టం. పైగా మెత్తటి గోడలున్న, అడుగు సరిగ్గా గట్టిగా లేని దానిలో బిడ్డను నిద్రపుచ్చి వదిలేయడం ప్రమాదం. బిడ్డ నిద్రకు చదునైన గట్టి పక్క కావాలి. మీ దగ్గర ఇప్పటికే ఉంటే, డైపర్ మార్చేంతసేపు పక్కనే ఉండి వాడుకోండి, నిద్రకు వద్దు.

నిండు బ్యాగును స్ట్రోలర్ పిడికి తగిలించడం. బిడ్డను ఎత్తుకోగానే స్ట్రోలర్ వెనక్కి పడుతుంది, బిడ్డ ఉండగా పడితే దెబ్బలు తగులుతాయి. కింద బుట్టలో పెట్టండి.

వాడని రోజుల్లో బ్యాగులో కలరా ఉండలు వేయడం. ఇది అస్సలు చేయకండి. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టలు తొడిగితే, జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో ఎర్ర రక్తకణాలు చితికిపోయి రక్తం తగ్గుతుంది, కామెర్లు తీవ్రమవుతాయి. లోపం ఉన్నట్టు చాలా ఇళ్లలో ముందుగా తెలియదు. ఎండబెట్టి మూసిపెడితే చాలు.

శానిటైజర్, మందులు, నాణెంలాంటి బ్యాటరీలున్న బొమ్మలు పక్క అరల్లో పెట్టడం. పాకే బిడ్డకు అందే ఎత్తు అదే. వీటికి పైన జిప్పున్న అర వాడండి. డైపర్ల కోసం పెట్టుకున్న పల్చటి ప్లాస్టిక్ కవర్లు కూడా అందులోనే ఉండాలి, బిడ్డ ముఖానికి అడ్డం పడితే ఊపిరాడదు.

వాడిన డైపర్‌ను రైలు టాయిలెట్‌లో వేయడం. బయో టాయిలెట్లు మూసుకుపోతాయి, బోగీలో అందరికీ ఇబ్బంది. గట్టిగా చుట్టి, పేపర్లో కట్టి చెత్తబుట్టలో వేయండి. బుట్ట దొరికేదాకా ఉంచడానికే మూత బిగిసే మురికి సంచి.

సరిగ్గా ఎంచుకున్నారో లేదో ఇలా చూసుకోండి

గదిలో లైటు ఆర్పేసి, ఒక చేత్తో బిడ్డను పట్టుకుని, రెండో చేత్తో డైపర్, వైప్స్, షీటు తీయండి. అర నిమిషంలో మూడూ బయటికొస్తే బ్యాగు బాగుంది, సర్దుడు బాగుంది. రాకపోతే ముందు సర్దుడు మార్చి మళ్లీ చూడండి, అప్పటికీ రాకపోతే బ్యాగు మార్చాలి.

సర్దని మనిషికి బ్యాగు ఇచ్చి, “బిడ్డకు జత బట్టలు తీయండి” అనండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా తీయగలగాలి. అమ్మమ్మ చేత ఈ పరీక్ష చేయిస్తే ఇంకా మంచిది, మీరు డాక్టరుతో మాట్లాడుతున్నప్పుడు బ్యాగు విప్పేది ఆవిడే.

సీసాలో నీళ్లు నింపి దాని అరలో పెట్టి, బ్యాగును నాలుగుసార్లు ఊపి, అడుగున టిష్యూ పేపర్ ఒత్తి చూడండి. తడి కనిపిస్తే సీసా మూతదా తప్పు, అరదా అని విడిగా తేల్చుకోండి.

రెండు మూడు ప్రయాణాలయ్యాక బ్యాగు మొత్తం మంచం మీద గుమ్మరించండి. ఒక్కసారి కూడా ముట్టుకోనివి ఒక పక్కన పెట్టండి. మందులు, అదనపు జత బట్టలు తప్ప మిగతావి ఇంట్లో ఉంచేయండి. ఆ తర్వాత బ్యాగు సగం ఖాళీగా కనిపిస్తే, తిరిగి పంపే గడువు ఇంకా ఉంటే, ఒక సైజు చిన్నదానికి మార్చుకోండి.